మూడో కూత

అక్టోబర్ 5

బసవరాజు భుజం దగ్గర ఎముక విరిగింది. దేవరగట్టు దసరా కర్రల సమరంలో. కర్ర ఎవరిదో తెలియదట. రెండు నెలలు చెయ్యి మెడకు వేలాడాల్సిందేనని ఆదోనిలో డాక్టరు చెప్పాడు.

పొద్దుటి నుంచి ఊరంతా అతని ఇంటి ముందే ఉంది. ఏడేళ్లుగా మా కబడ్డీ జట్టుకు కూతకు పోయేది అతనే, పాయింట్లు తెచ్చేది అతనే, ఓడితే మిగతా ఆరుగురినీ తిట్టేదీ అతనే. జనవరిలో ఎమ్మిగనూరు జాతర పోటీలు. ఇప్పుడెవరు పోతారు?

నన్నెవరూ అడగలేదు. అడిగితే అంజి అని చెప్పేదాన్ని. మా వీధి చివరింటి ఆంజనేయులు. ఇరవై ఏళ్లు, సన్నటి కాళ్లు, పొడుగు చేతులు. అందరూ రైడరుకు కండలు చూస్తారు. నేను పాదాలు చూస్తాను. వాడి మడమ ఎప్పుడూ నేలకు ఆనదు.

అవ్వతో ఇదే అన్నాను. "వానికి మీసమే సరిగా రాలేదు, ఆడికి పోయి ఏం కూస్తాడు?" అంది.

అక్టోబర్ 26

సుగ్గి లారీ పోయింది, వలస కూలీలతో. ప్రతి ఏడూ పోయేదే. ఈడ పంట ఎండితే గుంటూరు దిక్కున పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు. మళ్లీ ఉగాదికి గానీ రారు. నాయన, అమ్మ, వంటసామాన్ల గోనెసంచి, దాంతోపాటు జట్టులో నలుగురు. నలుగురు. రెండు కార్నర్లూ ఖాళీ. ఎదుటివాడు మన గడిలోకి వస్తే కాళ్లు పట్టేదెవరు?

లారీ ఎక్కే ముందు నాయన, "అవ్వను సూసుకో పాపా" అన్నాడు. ఇంకేదో అనబోయి టైరు వైపు చూశాడు.

ఇల్లు, అవ్వ, ఒక బర్రె, నేను. డిగ్రీ చదివినందుకు దొరికిన ఉద్యోగం.

అక్టోబర్ 27

ఈరోజు కూడా అంతే.

నవంబర్ 2

మా మిద్దె ఎక్కితే బడి గ్రౌండు మొత్తం కనిపిస్తుంది. ఆడవాళ్లు గ్రౌండుకు పోరు, మిద్దెల మీద నుంచే చూస్తారు. పత్తికట్టె మోపు వెనక కూర్చుంటే నన్నెవరూ చూడరు. నాకు అందరూ కనిపిస్తారు.

కొత్త జట్టు గురించి నా అభిప్రాయం. ఎడమ కార్నర్ యేసేపు, పట్టు గట్టిది గాని తొందరెక్కువ. కుడి కార్నర్ బజారి, వాడు నిలబడే చోటే తప్పు. మధ్యలో చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడేవాళ్లు పెళ్లి ఫొటోకు నిలబడినట్టు నిలబడతారు. ఈ ఏడు జాతరకు ఈ జట్టు పనికిరాదు. వచ్చే ఏటికి పనికొస్తుంది, సుగ్గి లారీ వచ్చే ఏడు వీళ్లని ఎక్కించుకోకపోతే.

అంజి. గీత దాటుతాడు, ఊగుతాడు, కుడికి రెండడుగులు, ఎడమకు రెండడుగులు, ఎవరినీ ముట్టకుండా తిరిగొస్తాడు. ఉత్త కూత. మళ్లీ ఉత్త కూత. చెయ్యి చాపితే తగిలే దూరంలో బజారి ఉంటాడు, చెయ్యి చాపడు. పట్టుబడతానేమో అని.

నాకు భయపడేవాళ్లంటే ఒళ్లు మంట. నాలాంటిదాన్ని ఆడనిచ్చి ఉంటే తెలిసేది. రెండేళ్ల కిందట కర్నూలులో యూనివర్సిటీ సెలెక్షన్ల దాకా పోయాను. నాయన వద్దన్నాడు. అంతటితో సరి. ఊళ్లో అందరికీ తెలుసు ఈ సంగతి.

నవంబర్ 3

అంజి రోజూ పొద్దున పాలకు వస్తాడు. ఈరోజు గిన్నె చేతికిస్తూ, "నిన్న మూడుసార్లు బజారి మోచెయ్యి నీకు అందేది" అన్నాను.

వాడు పాల వైపు చూశాడు. "నువ్వు యాడ సూసినావు హులిగక్కా?"

"మిద్దె మీద నుంచి."

"అందేదా, నిజంగా?"

"మూడుసార్లు."

పోతూ పోతూ వెనక్కి తిరిగాడు. "బసవరాజన్న ఊరికే బోనస్ గీత తొక్కి రమ్మంటాండాడు."

"అతని కాళ్లు వేరు, నీ కాళ్లు వేరు."

ఇలా మొదలైంది. నన్ను ఎవరూ కోచ్ అనరు. నేనూ అనుకోను. పాలు పోసేటప్పుడు నాలుగు మాటలు, అంతే.

నవంబర్ 9, ఆదివారం

ఆదోనిలో పోటీ. అవ్వ కంటికి చుక్కల మందు తేవాలి. అవ్వను తీసుకునే పోవాలి కదా. మందుల షాపు పక్కన పోటీ పెడితే నా తప్పా.

షాపుకూ గ్రౌండుకూ కిలోమీటరు ఉంది. అవ్వ ఒక కంట్లో పొర ఉన్న మనిషి, రెండో కన్నుతో అంతా చూస్తుంది.

గోడ దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తింటూ నిలబడ్డాం. రూలు అవ్వకు చెప్పాను. ఒక జట్టుకు వరసగా రెండు కూతలు ఉత్తగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, తేలేకపోతే ఆ రైడరు అవుట్. అవ్వ బాగా పట్టుకుంది ఈ రూలు. అంజి మొదటిసారి ఉత్తగా వచ్చాడు. రెండోసారీ. మూడోసారి పోయేటప్పుడు అవ్వ గోడ మీద చెయ్యి కొట్టి, "లేయ్, సంతకు పోయినోడు ఉప్పన్నా తెస్తాడు కదరా, నువ్వేం తెస్తాండావు?" అంది. పక్కన ఆడవాళ్లు నవ్వారు.

వాడు మూడోసారి కూడా తిరిగొచ్చేశాడు. ఎవరూ పట్టుకోలేదు. వాడంతట వాడే. అవుట్.

బసవరాజు బెంచీ మీద నుంచి లేచి, ఉన్న ఒక్క చేత్తోనే తల కొట్టుకున్నాడు. పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

బస్సులో అవ్వ: "వాడు భయపడినాడు మే."

"దమ్ము అయిపోయి ఉంటుంది."

"దమ్ము అయిపోతే ఆడే పడతాడు గాని, అంత సక్కగా నడ్సి వస్తాడా?"

నేను కిటికీ లోంచి జిన్నింగు మిల్లులు చూశాను.

నవంబర్ 10

అంజి పాలకు రాలేదు. వాళ్లమ్మ చౌడమ్మత్త వచ్చింది.

నవంబర్ 11

రాలేదు.

నవంబర్ 12

వచ్చాడు. గిన్నె గడప మీద పెట్టి, "నేను ఇడ్సిపెడతాను అక్కా, నాతో కాదు" అన్నాడు.

బజారి ఎక్కడ నిలబడాలో చెప్పడం సులువు, ఇది సులువు కాదు. చివరికి, "పట్టుకుంటే ఏమవుతుంది?" అని అడిగాను.

"ఏడుమంది మీద పడతారు."

"పడితే?"

"అందరూ సూస్తాంటారు కదక్కా."

పాలు ఒక గరిటె ఎక్కువ పోశాను.

నవంబర్ 21

కాలేజీలో మాకు ఆటలు నేర్పిన రవికుమార్ సార్ ఫోన్ చేశారు. కౌతాళం దగ్గర ఆడపిల్లల హాస్టలు బడిలో కబడ్డీ కోచ్ కావాలట. అక్కడే ఉండాలి. జనవరి 6 లోపల చేరాలి. "నీ పేరు చెప్పినాను. ఈసారన్నా పోతావా?"

ఈసారన్నా అన్నారు. పోయిన ఏడు ఆదోనిలో ఒక బడిలో ఇలాగే అన్నప్పుడు అవ్వ కాలు జారి పడింది. పడింది నిజం. నాలుగు రోజుల్లో లేచి తిరిగింది, అదీ నిజమే. ఆ లోపల నేను రానని చెప్పేశాను.

ఇప్పుడు అమ్మా నాయనా సుగ్గిలో ఉన్నారు. అవ్వను ఒంటరిగా వదిలి ఎలా పోతాను? పొయ్యి దగ్గర మంట సరిగా కనిపించదు. బర్రె ఉంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. తలుపు తీసే ఉంటుంది, బయటికి పోవడానికి మాత్రం వీలుండదు.

సార్‌కు ఇంట్లో అడిగి చెప్తానన్నాను.

నవంబర్ 23

నాయన ఫోన్ చేశాడు. పత్తి రెండో తీత నడుస్తోందట. అమ్మకు వేళ్లు పగిలాయట. కౌతాళం సంగతి చెప్పలేదు. చెప్పినా ఏమంటాడో తెలుసు.

నవంబర్ 30

మధ్యాహ్నం బర్రెకు నీళ్లు పెట్టి వచ్చేసరికి అవ్వ లేదు. వీధంతా వెతికాను. చౌడమ్మత్త ఇంట్లో ఉంది, రొట్టెలు తడుతోంది. వాళ్లింట్లో చుట్టాలు వచ్చారట, సాయానికి పోయింది. జొన్నరొట్టెలు, పలుచగా, గుండ్రంగా, ఒక్కటీ మాడలేదు. నన్ను చూసి, "ఏమ్మే, యాడన్నా ఇల్లు కాల్తాండాదా?" అంది.

ఈ సంగతికీ ఏ సంగతికీ సంబంధం లేదు. ఎందుకు రాశానో.

డిసెంబర్ 7

జట్టు బాగుపడుతోంది. నిజంగానే. బజారి అడుగున్నర వెనక నిలబడుతున్నాడు (నేను చెప్పి పంపిన మాట, అంజి తనదిగా చెప్పాడు, మంచిదే). యేసేపు ఇప్పుడు రైడరు బరువు ఏ కాలి మీద ఉందో చూసి దూకుతున్నాడు. నిన్న హొళగుంద పోయి ఆడి గెలిచి వచ్చారు. అక్కడివాళ్లు కన్నడంలో తిట్టారట. బజారికి కన్నడం రాదు, మెచ్చుకుంటున్నారనుకుని దండం పెట్టాడట. అవ్వ నవ్వీ నవ్వీ వక్కాకు ఉమ్మేసింది.

అంజికి ఆరు పాయింట్లు. అన్నీ మొదటి కూతలోనో రెండో కూతలోనో. మూడో కూత వస్తే మాత్రం ఇంకొకరిని పంపమని కెప్టెన్ యేసేపును బతిమాలుతున్నాడట. ఎమ్మిగనూరులో అలా కుదరదు. అక్కడ ఆఖరి నిమిషాల్లో కెప్టెన్ ఎవరినైనా తోస్తాడు.

డిసెంబర్ 8

పాలు పోస్తుంటే అడిగాడు.

"అక్కా, కర్నూల్లో నువ్వు మూడో కూతకు ఎట్ల పోయినావు?"

"నన్ను ఆడనీలేదు. మా నాయన వద్దన్నాడు."

"తెలుసులే. ఆడనిచ్చి ఉంటే ఎట్ల పోయేదానివి?"

చెప్పాను. ముందు ఊపిరి ఎలా పట్టాలి, ఏ వైపు చూస్తూ ఏ వైపు చెయ్యి వేయాలి, అంతా. వాడు కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. పాలు చల్లారాయి.

నాయన వద్దన్నాడు. అది నిజం. అందరికీ తెలుసు.

డిసెంబర్ 15

సార్ మళ్లీ ఫోన్. ఎత్తలేదు.

డిసెంబర్ 16

ఎత్తలేదు.

డిసెంబర్ 19

అవ్వ ఎత్తింది. నా ఫోన్, నేను బర్రె దగ్గర ఉన్నప్పుడు. పచ్చ గుర్తు నొక్కాలని ఎవరు నేర్పారో.

"ఎవరో సారంట. కౌతాళానికి నిన్ను రమ్మంటాండాడు. నెల దినాల కిందటనే సెప్పినాడంట కదా?"

"నిన్ను వదిలి ఎట్లా పోతానవ్వా?"

"కౌతాళం ఏమన్నా దిల్లీనా? ఆదివారం ఆదివారం వస్తావు."

"నీకు కన్ను..."

"నా కన్ను నా మొగంలోనే ఉంటాది, యాడికీ పోదు. చౌడి ఈ వీధిలోనే ఉంది. నీకు పోబుద్ధి లేకుంటే లేదను. నా కాలు మీద, నా కన్ను మీద యేంటికి పెడతావు?"

అన్నం తినలేదు. అవ్వ తింది.

డిసెంబర్ 28

రాయాలి. ఈ పుస్తకం నాది. ఎవరూ చదవరు. అవ్వకు చదువు రాదు. ఇక్కడ కూడా అబద్ధం రాసుకుంటే ఇక నేనెక్కడ ఉంటాను?

కర్నూలులో నాయన నన్ను ఆపలేదు. కూలి పని మానుకుని నాతో వచ్చాడు. నన్ను గేటు లోపలికి పంపి టీ అంగడి దగ్గర కూర్చున్నాడు. రెండు కూతలు ఉత్తగా పోయాయి, అవి వేరే అమ్మాయిలవి. మూడో కూతకు నన్ను పిలిచారు. గీత దాటాను. ఎదురుగా ఏడుగురు. ఎడమ కార్నర్ అమ్మాయి జడ ఎర్ర రబ్బరుతో కట్టుకుంది. నేను చెయ్యి చాపితే ఆమె అందేది. ఊపిరి నిండా ఉంది. బెంచీల మీద అందరూ చూస్తున్నారు. తిరిగి వచ్చేశాను. చక్కగా నడిచి. ఎవరూ నన్ను ముట్టనైనా ముట్టలేదు.

ఒక మేడమ్, "వచ్చేసినావేంటమ్మా?" అంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇంకో ఆట ఉంది, దానికి ఆగలేదు. నాయనతో తలనొప్పి అన్నాను. ఊరికి వచ్చాక నా స్నేహితురాలు రేణుక వచ్చి అడిగింది, ఏమైందే అని. "నాయన వద్దన్నాడు" అన్నాను. అదే నోటికొచ్చింది. నాయన పెరట్లో గడ్డి కోస్తున్నాడు. కొడవలి చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. వినలేదేమో అనుకున్నాను.

తర్వాత ఊళ్లో ఎవరైనా, "ఏం శేషప్పా, ఆడపిల్లను ఆడనీవంట?" అని అడిగితే, "అవును, వద్దన్నా" అనేవాడు. నేను గదిలో కూర్చుని వినేదాన్ని. కోపం తెచ్చుకునేదాన్ని కూడా. నిజంగానే కోపం వచ్చేది. అదే విచిత్రం.

జనవరి 2

రేపు ఎమ్మిగనూరు. అంజి పాలు తీసుకుని కూడా గడప దగ్గరే నిలబడ్డాడు.

"అక్కా, మూడో కూత వస్తే?"

నేర్పినవన్నీ మళ్లీ చెప్పబోయి ఆగాను.

"అంజీ, నీకొకటి సెప్తా. కర్నూల్లో నన్నెవరూ ఆపలేదు. మూడో కూతకు పోయి ఎవరినీ ముట్టకుండా వచ్చేసినా. ఆదోనిలో నువ్వు వచ్చినట్టే."

వాడు గిన్నె అంచు తడిమాడు. "మల్ల నాకు నేర్పినవన్నీ?"

"అవి నేను ఎప్పుడూ సేయలేదు."

నవ్వుతాడేమో అనుకున్నాను. "అయితే నేను సేసి సెప్తాలే, పని సేస్తాయో లేదో" అని వెళ్లిపోయాడు.

జనవరి 3, శనివారం

ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కోకుండానే రాస్తున్నాను.

జాతర. అవ్వా నేనూ ఆటోలో పోయాం. ఈసారి కంటి మందు అని చెప్పుకోలేదు. గోడ వెనక కాదు, తాడు దగ్గరే నిలబడ్డాం. ఒకాయన, "అమ్మా, ఆడోళ్లు ఆపక్క" అంటే అవ్వ, "నాకు ఒకటే కన్ను నాయనా, ఆపక్క నుంచి ఆపక్కే కనపడతాది" అంది. అతను కుర్చీ తెచ్చి వేశాడు.

హొళగుందతోనే మళ్లీ. ఈసారి వాళ్లు తయారై వచ్చారు. ఒక పాయింటు వాళ్లు, ఒకటి మనం. బజారి రెండు పట్టులు పట్టాడు, నేను చెప్పిన చోట నిలబడి. ఇంకో నిమిషం ఉండగా వాళ్లు ఇరవై తొమ్మిది, మనం ఇరవై ఎనిమిది. మనవి వరసగా రెండు కూతలు ఉత్తగా పోయాయి. మూడోదే ఆఖరిది.

యేసేపు అంజి వీపు మీద చెయ్యి వేశాడు. బసవరాజు బెంచీ మీద నుంచి, "వాడు వద్దురా, ఇంకొకరిని పంపు" అని అరిచాడు. నాకు తెలియకుండానే నా గొంతు బయటికొచ్చింది. "వాడే పోవల్ల." మగవాళ్లందరూ తిరిగి చూశారు. చూడనీ.

అంజి గీత దాటాడు. కుడికి చూస్తూ ఎడమకు. ఎడమ కార్నర్‌వాడు వంగాడు. అంజి చెయ్యి చాపాడు. భుజానికి తగిలింది, నేను చూశాను, అందరూ చూశారు. తిరిగాడు. వెనక నుంచి ఒకడు చీలమండ పట్టాడు. ఇంకొకడు నడుము. ఏడుగురూ మీద పడ్డారు. ఆ కుప్ప కింద నుంచి ఒక చెయ్యి మాత్రం బయటికి వచ్చి, మట్టిలో పాకుతూ, గీతకు జానెడు దూరంలో ఆగింది.

ఓడిపోయాం.

వాడు లేచి ముక్కు తుడుచుకున్నాడు, చేతికి రక్తం. జట్టు దగ్గరికి పోకుండా తాడు దగ్గరికి వచ్చాడు. పళ్లన్నీ బయటపెట్టి, "పట్టుకున్నారక్కా" అన్నాడు. గెలిచినవాడు చెప్పినట్టు. "అంత నొప్పేం లేదు."

అవ్వ వాడి తల మీది దుమ్ము దులిపింది. "జానెడే కదరా."

నా అభిప్రాయం: ఈ జట్టుకు రైడరు దొరికాడు.

జనవరి 4

నాయనకు ఫోన్ చేశాను. పొలంలో ఉన్నాడు, గాలి మోత. కౌతాళం సంగతి చెప్పాను. తర్వాత, "నాయనా, కర్నూల్లో..." అని ఆగిపోయాను.

"గోడ పక్కనుంచి సూసినా పాపా" అన్నాడు.

"టీ అంగడి దగ్గర ఉన్నావు కదా?"

"కూసున్నా. నీ పేరు పిలిస్తే లేసి వచ్చినా."

గాలి. ఎవరో దూరంగా పిలుస్తున్నారు అతన్ని.

"మరి రేణుకతో నేను అట్లా అంటే యేంటికి ఊరుకున్నావు?"

"ఊళ్లో నిన్ను భయపడినాది అంటే నువ్వు ఇంగ యాడికీ పోలేవు. నన్ను అంటే నాకేమైతాది? నేనెట్లాగూ సుగ్గికి పోయేవాన్నే." పిలిచినవాళ్లకు వస్తాండా అని కేకేసి, "రెండేండ్లు సూసినా, నువ్వే సెప్తావని. ఎప్పుడు సేరల్ల?"

"ఆరో తేదీ."

"మీ అమ్మకు సెప్తా. అవ్వకు చుక్కల మందు ఉందా?"

జనవరి 5

చౌడమ్మత్త ఇంటికి బర్రెను మార్చాను. అవ్వ మాత్రం మారనంది. పడుకునేటప్పుడు అత్త వస్తుంది. పొద్దుటి పాలు అంజి పోస్తాడు.

రేణుక కనిపిస్తే చెప్పేశాను, నాయన ఆపలేదని. "నాకు తెలుసులే" అంది. ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.

జనవరి 6

ఎమ్మిగనూరు బస్టాండు. కౌతాళం బస్సు ఇంకా రాలేదు. రెండుసార్లు లేచి మా ఊరి బస్సు దగ్గరి దాకా పోయి వచ్చాను. ఇది కూడా రాసి పెడుతున్నాను.

జనవరి 9

ఇరవై రెండు మంది పిల్లలు. గ్రౌండులో గీతలు నేనే సున్నంతో వేశాను. నిన్న సంతోషి అనే ఎనిమిదో తరగతి పిల్లను కూతకు పంపితే గీత దాటి, ఊగి, ఎవరినీ ముట్టకుండా తిరిగొచ్చింది. మంచి పాదాలు. మడమ ఆనదు.

ఈరోజు సాయంత్రం గ్రౌండుకు రాలేదు. గదికి పోయి పిలిస్తే తల దించుకుని, "మా నాయన ఆడద్దన్నాడు మేడం" అంది.

ఎప్పుడన్నాడు, ఫోన్ చేశాడా, నంబరు ఇవ్వు అని అడగొచ్చు. అడగలేదు. ఆ పిల్ల పక్కన మంచం మీద కూర్చున్నాను. ఇద్దరం ఆమె బూట్ల వైపు చూశాం.

"మా నాయన కూడా అట్లే అన్నాడు" అన్నాను.

తల ఎత్తింది. "మల్ల?"

"రేపు గ్రౌండుకు రా. అసలు సంగతి చెప్తాను."